మందు మరువని ఇల్లు

జ్వరం వచ్చినవానికి మందు సంగతి ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. ఒళ్ళు కాలిపోతున్నప్పుడు, పంటిపోటు కంటికి కునుకు పట్టనీయనప్పుడు, మనిషి అర్ధరాత్రివేళనైనా వైద్యుని తలుపు తడతాడు. అక్కడ నొప్పియే మందును అడుగుతుంది. కాని అడగని వ్యాధులు కొన్ని ఉన్నవి. అవి ఇంట్లోకి చప్పుడు లేకుండా ప్రవేశిస్తవి. ఏళ్ళ తరబడి మనతోపాటు అన్నం తిని, మనతోపాటు పొలానికి వచ్చి, మనతోపాటు నిద్రిస్తవి. ఒకనాడు కాలూ చేయీ పడిపోయినప్పుడు గాని, చూపు మందగించినప్పుడు గాని, మూత్రపిండాలు మొరాయించినప్పుడు గాని తమ ఉనికిని చాటుకోవు. రక్తపోటు, మధుమేహం ఈ జాతికి చెందినవి. వీటిని గూర్చి, వీటికంటె ముఖ్యంగా వీటి మందును మరచిపోవడాన్ని గూర్చి, నేడు కొంత ముచ్చటించుకుందాం.

ఈ వ్యాధులు ఏ కొద్దిమందివో కావు. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. 2021 నాటికి మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల 10 లక్షల మంది, అధిక రక్తపోటు ఉన్నవారు 31 కోట్ల 50 లక్షల మంది అని ఆ సర్వే అంచనా వేసింది. ఒకప్పుడు కుర్చీలో కూర్చుని పనిచేసేవారి జబ్బులన్న పేరు వీటికి ఉండేది. ఆ పేరు నేడు చెల్లదు. నాగలి పట్టినవారికీ, తట్ట మోసినవారికీ కూడా అవి వస్తున్నవి.

పల్నాటి సీమలోని పిడుగురాళ్లనే తీసుకుందాం. పిడుగురాళ్ల అనగానే సున్నపు బట్టీలు మనసుకు వస్తవి. రాయిని కాల్చి సున్నం చేసి నలుమూలలకూ పంపే ఊరు అది. ఊరు దాటితే పత్తి చేలు, మిరప తోటలు. ఇక్కడి సంవత్సరాన్ని నడిపేది గోడమీది పంచాంగం కాదు, పంట. పత్తి తీత మొదలైనదంటే తెల్లవారకముందే ఆడవాళ్ళు అన్నం క్యారేజీ పట్టుకుని ఆటో ఎక్కుతారు. మిరపకోత వచ్చినదంటే కొన్ని వారాలపాటు ఇల్లు ఇల్లుగా ఉండదు, కల్లమే ఇల్లు. కాయ ఆరబెట్టి, తాలు ఏరి, బస్తాలకెత్తి గుంటూరు మిర్చియార్డుకు చేర్చేదాకా రైతుకు నిద్ర లేదు. బట్టీలో పనిచేసేవానికి ఒక పూట ఆసుపత్రికి పోవడమంటే ఆనాటి కూలి పోవడమే.

ఇటువంటి జీవితంలో రోజుకొక చిన్న మాత్ర ఎక్కడ ఇముడుతుంది? గూటిలోని మందుల డబ్బా గూటిలోనే ఉంటుంది. మనిషి చేలో ఉంటాడు. యార్డుకు పోయిన రైతు సంచిలో తూకపు చీటీలుంటవి, బీడీకట్ట ఉంటుంది, మాత్రలుండవు. నాలుగు రోజులు మందు మానినా ఏమీ కానట్టే ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే ఉన్నది. మానిననాడు నొప్పి కలిగితే మనిషి మానడు. మానిననాడు హాయిగానే ఉండి, వేసుకున్ననాడు కాస్త తల తిరిగినట్లుంటే, మందే జబ్బనీ, మానడమే ఆరోగ్యమనీ అనిపించడంలో వింత లేదు.

మనం సాధారణంగా ఏమి చేస్తున్నాము? మందలిస్తున్నాము. "ఎన్నిసార్లు చెప్పినా వినవు గదా నాన్నా!" అని కొడుకు కసురుకుంటాడు. "నీ ప్రాణం మీద నీకే లక్ష్యం లేకపోతే నేనేమి చేసేది?" అని వైద్యుడు విసుక్కుంటాడు. మందు మరచిన మనిషి తప్పుచేసినవానివలె తలవంచుకుంటాడు. తరువాతిసారి నుంచి మరచిన సంగతి దాచిపెడతాడు. దాచిన సంగతి తెలియని వైద్యుడు, ఈ మోతాదు చాలలేదు గాబోలునని మోతాదు పెంచుతాడు. మందలింపు వల్ల ఒనగూడిన ఫలం ఇదీ!

ఈ మరపు మన ఊళ్ళలోని చదువులేనితనం వల్ల వచ్చిన దోషమనుకుంటే పొరపాటు. దీర్ఘవ్యాధుల మందుల వాడకాన్ని గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఒక నివేదిక వెలువరించింది. సంపన్నదేశాలలో సైతం, దీర్ఘకాలం మందు వాడవలసినవారిలో సుమారు సగంమందే దానిని సక్రమంగా వాడుతున్నారని ఆ నివేదిక చెప్పింది. ఇంటింటా ఫోను, వీధివీధిన మందుల దుకాణం ఉన్న దేశాల సంగతి అది. కనుక ఇది ఒక ఊరి దోషమూ కాదు, ఒక జాతి దోషమూ కాదు; మనిషి మనసు తీరే అంత. ఎప్పుడో పది సంవత్సరాల తరువాత రానున్న పక్షవాతం కంటె ఇప్పుడు ముందున్న పని పెద్దదిగా కనబడుతుంది.

మనసు తీరు అది అయినప్పుడు, దానితో పోట్లాడడం కంటె దాని కనుకూలంగా ఏర్పాట్లు చేసుకోవడం మేలు గదా! ఈ ఆలోచనకు ఇటీవలి కాలంలో ఒక శాస్త్రరూపం ఏర్పడింది. అమెరికాకు చెందిన ఆర్థికశాస్త్రవేత్త రిచర్డ్ థేలర్, న్యాయశాస్త్ర పండితుడు కాస్ సన్‌స్టీన్ కలిసి 2008లో ఒక గ్రంథం ప్రకటించారు. దాని పేరు 'నడ్జ్'. విందులో పంక్తిన కూర్చున్నప్పుడు పక్కవాడు మోచేతితో మెల్లగా పొడిచి, "అదుగో, నెయ్యి వస్తున్నది, చూడు" అని సైగ చేస్తాడే, అదే నడ్జ్. దానిని మనం మోచేతి హెచ్చరిక అనవచ్చును. అందులో ఆజ్ఞ లేదు, నిర్బంధం లేదు, జరిమానా లేదు. కావాలంటే వేయించుకోవచ్చు, వద్దంటే మానవచ్చు. కాని ఆ హెచ్చరిక లేకపోతే వడ్డించేవాడు దాటిపోయి ఉండేవాడు. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది.

పేరు కొత్తదేగాని పని కొత్తది కాదు. ఆ పనికి సంబంధించిన పెద్ద పాఠమొకటి మనకు చేరువనే, మదరాసు నగరంలో, ఏడు దశాబ్దాల క్రిందట మొదలైనది. అది రక్తపోటుకు కాక, నెలల తరబడి మందు తినవలసిన క్షయవ్యాధికి సంబంధించినది.

ఆ రోజులలో క్షయరోగి అంటే శానటోరియం చేరవలసినవాడని అందరి నమ్మకం. కొండగాలి, పాలు, గుడ్లు, సంపూర్ణ విశ్రాంతి. మన గుంటూరు సీమవారికి మంగళగిరి శానటోరియం ఉండేది. దాని స్థలంలోనే నేడు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వెలసినది. కాని రోగులు లక్షలు, మంచాలు వేలు. అందువల్ల 1956లో మదరాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమొకటి నెలకొల్పారు. భారత ప్రభుత్వం, మదరాసు ప్రభుత్వం, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ అందులో పాలుపంచుకున్నవి. బ్రిటిషు వైద్యుడు వాలెస్ ఫాక్స్ ఆ తొలినాళ్ళలో దానికి నాయకత్వం వహించాడు. రోగులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గాన్ని శానటోరియంలో ఉంచారు. రెండవ వర్గానికి ఇరుకిళ్ళలో, వారి మామూలు తిండితోనే, ఇంటివద్ద మందు ఇచ్చారు. ఏడాది గడచిన తరువాత చూస్తే రెండు వర్గాల ఫలితాలకూ పెద్దగా భేదం లేదు. 1959లో ఈ సంగతి ప్రచురితమైనప్పుడు ప్రపంచ వైద్యలోకం ఆశ్చర్యపడింది. రోగిని బాగుచేసింది మంచమూ కాదు, కొండగాలీ కాదు, మందు.

అయితే ఆ మందు కడుపులోకి పోవాలి గదా! ఇంటివద్ద మందు ఇవ్వడంతో ఆ ప్రశ్న పుట్టింది. చికిత్స మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, బరువు పెరుగుతుంది. "నాకేమయింది, బాగానే ఉన్నాను" అని రోగి మందు మానుతాడు. ఫాక్స్ 1958లోనే ఈ సమస్యను గూర్చి వ్రాశాడు. ఆ కేంద్రంవారు చెప్పాపెట్టకుండా రోగుల ఇండ్లకు పోయి మాత్రలు లెక్కబెట్టారు. మూత్రపరీక్ష చేసి మందు జాడ ఉన్నదో లేదో చూశారు. చివరకు వారు కనుగొన్న మార్గం సులువైనది. రోజూ మందు ఇంట్లో వేసుకొమ్మనడానికి బదులు, వారానికి రెండుసార్లు కేంద్రానికి రప్పించి, ఎదుట కూర్చోబెట్టి మందు ఇవ్వడం. అంతే ఫలితం ఈ పద్ధతిలోనూ వచ్చింది. తరువాత ప్రపంచమంతటా వ్యాపించిన ప్రత్యక్ష పర్యవేక్షణ చికిత్సకు బలమైన పునాది ఇక్కడ పడింది.

ఈ చరిత్ర మనకు నేర్పేది రెండు సంగతులు. మొదటిది, మందు మానినవానిని తిట్టడం కంటె, మానడానికి వీలులేని ఏర్పాటు చేయడం ఫలప్రదం. రెండవది, ఆ ఏర్పాటు రోగికి భారం కాకూడదు. కేంద్రానికి రోజూ రమ్మంటే కూలివానికి కూలి పోతుంది. అందుకే ఆ తరువాతి కాలంలో ఇంకొక యుక్తి పుట్టింది. మాత్రల పొట్లం వెనుక ఒక ఫోను నంబరు దాచి అచ్చువేస్తారు. మాత్ర త్రోస్తే నంబరు బయటపడుతుంది. ఆ నంబరుకు పైసా ఖర్చు లేకుండా ఒక మిస్డ్ కాల్ ఇస్తే, ఫలానావారు ఈ పూట మందు తీసుకున్నారని ఆసుపత్రిలో నమోదవుతుంది. భారతదేశంలో క్షయరోగుల కొరకు రూపొందిన ఈ పద్ధతికి '99 డాట్స్' అని పేరు. చమత్కారమైనదే. కాని పరీక్షించి చూసినప్పుడు, ఫోను చేయనివారిలో మందు వేసుకున్నవారు కూడా చాలామంది ఉన్నారని తేలింది. ఫోనులో డబ్బు లేక కాదు, ఫోను వేరొకరి చేతిలో ఉండవచ్చు. లేదా మందు గుర్తుండి ఫోను మరచిపోవచ్చు! యంత్రం మనిషికి తోడుగా ఉండవచ్చునేగాని మనిషికి మారుగా ఉండజాలదు.

ఇక రక్తపోటు, మధుమేహాల సంగతికి వద్దాం. ఇక్కడ కూడా మోచేతి హెచ్చరికలు ఎంతవరకు పనిచేస్తవో పరీక్షించినవారున్నారు. మధుమేహపు అంచుకు చేరిన 537 మంది ఉద్యోగస్తులైన పురుషులను ఆగ్నేయ భారతంలో ఎంచుకుని, చెన్నపట్నానికి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఒక ప్రయోగం చేసింది. అందరికీ మొదట ఒకే సలహా ఇచ్చారు. సగంమందికి మాత్రం ఆపైన ఫోనుకు చిన్న చిన్న సందేశాలు పంపుతూ వచ్చారు. భోజనాన్ని గూర్చి, నడకను గూర్చి. రెండేళ్ళ తరువాత చూస్తే, సందేశాలు అందనివారిలో నూటికి 27 మందికి మధుమేహం వచ్చింది. అందినవారిలో నూటికి 18 మందికే వచ్చింది. 2013లో ఈ ఫలితాలు ప్రచురితమైనవి. రెండు మాటల సందేశం మధుమేహాన్ని ఆపుతుందని ఎవరూ అనరు. చేయదలచిన పనిని చేయవలసిన వేళకు జ్ఞాపకం చేయడమే అది చేసిన మేలు.

జ్ఞాపకం చేయడం ఒక పద్ధతి అయితే, జ్ఞాపకం పెట్టుకోవలసినదాన్ని తగ్గించడం మరొక పద్ధతి. గుండెజబ్బు వచ్చినవారు నాలుగు రకాల మాత్రలు వాడవలసి వస్తుంది. ఆ నాలుగింటినీ ఒకే మాత్రగా చేస్తే? హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ అటువంటి మాత్ర తయారుచేసింది. దానిని భారతదేశంలోను, ఐరోపాలోను కలిపి 2,004 మందిపై పరీక్షించారు. విడివిడిగా మాత్రలు వాడవలసినవారిలో నూటికి 65 మంది చివరిదాకా మందు సక్రమంగా వాడితే, ఒకే మాత్ర ఇచ్చినవారిలో నూటికి 86 మంది వాడారు. ఇదీ 2013లో ప్రచురితమైనదే. అదే మనుషులు, అదే మందు. దారిలోని ముళ్ళు మూడు తీసివేశారు, అంతే.

మూడవది ఇంకా విశేషమైనది. అసలు జ్ఞాపకంతో పనే లేని ఏర్పాటు. మన తెలుగువారి ఉప్పు వాడకం అందరికీ తెలిసినదే. ఆవకాయ, గోంగూర, మాగాయ, ఊరమిరపకాయ లేని విస్తరి విస్తరే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన ఒక పరిశీలనలో మనిషికి రోజుకు సగటున తొమ్మిదిన్నర గ్రాముల ఉప్పు పడుతున్నదని తేలింది; ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు గ్రాములకు మించవద్దంటున్నది. "ఉప్పు తగ్గించండి" అని చెప్పడం సులువు. ముద్ద నోట పెట్టుకున్నప్పుడు పాటించడం కష్టం. కనుక తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో ఏడు గ్రామాలలో, రక్తపోటు ఉన్న 502 మందితో ఒక ప్రయోగం చేశారు. సగంమందికి మామూలు ఉప్పుకు బదులు, సోడియం కొంత తగ్గించి ఆ మేరకు పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చారు. వంట మారలేదు, రుచి పెద్దగా మారలేదు, ఎవరికీ ఏ నిష్ఠా అవసరం లేకపోయింది. మూడు నెలలలో రక్తపోటు పై అంకె, మామూలు ఉప్పు వాడినవారితో పోలిస్తే, సగటున నాలుగున్నర పాయింట్లకు పైగా తగ్గింది. చైనాలో 600 గ్రామాలలో ఐదేళ్ళపాటు ఇటువంటి ఉప్పునే వాడి చూడగా, పక్షవాతాలు నూటికి 14 పాళ్ళు తగ్గినట్లు 2021లో ప్రకటించారు. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వాడేవారికీ పొటాషియం ప్రమాదకరం కావచ్చును. కాబట్టి వైద్యుని అడగకుండా ఈ ఉప్పును ఇంటికి తేకూడదు.

ఇంతవరకు విని, ఇక ఫోను సందేశాలు పంపితే చాలు, దీర్ఘవ్యాధులన్నీ అదుపులోకి వస్తవని ఎవరైనా అనుకుంటారేమో! అందుకే పశ్చిమ గోదావరిలో జరిగిన ఒక ప్రయత్నాన్ని కూడా చెప్పవలసి ఉన్నది. అక్కడ 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని గ్రామాలలో ఆశా కార్యకర్తలకు టాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చారు. వారు ఇంటింటికీ పోయి రక్తపోటు చూసి, గుండెజబ్బు ముప్పు ఎవరికి ఎక్కువో లెక్కగట్టి, వారిని వైద్యుని వద్దకు పంపేవారు. మందు వాడుతున్నదీ లేనిదీ కనుక్కునేవారు. ఎంతో శ్రద్ధగా జరిగిన కార్యక్రమం. 2019లో ఫలితాలు వెలువడినప్పుడు, రక్తపోటు అదుపులో ఉన్నవారి సంఖ్యలో, ఈ ఏర్పాటు ఉన్న చోటికీ లేని చోటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

నిరాశపడవలసినది లేదు, నేర్చుకోవలసినది ఉన్నది. "పెద్దమ్మా, నీకు బీపీ ఎక్కువగా ఉన్నది, ఆసుపత్రికి పోయి రా" అని ఆశా కార్యకర్త చెబుతుంది. పెద్దమ్మ వింటుంది కూడా. కాని ఆసుపత్రి ఆరు మైళ్ళు, పోవాలంటే ఒకనాటి కూలి, పోయినతరువాత వైద్యుడుండాలి, వైద్యుడున్నా మందుండాలి, ఉన్న మందు నెలకు సరిపడా ఇవ్వాలి. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా మోచేతి హెచ్చరిక వృథా. నెయ్యి అసలు వడ్డనకే రాని విందులో పక్కవాడు మోచేతితో ఎంత పొడిచినా ఏమి లాభం?

కాబట్టి హెచ్చరికకు ముందు దారి ఉండాలి. 2017లో ఆరంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ సంగతి గ్రహించి నడిచింది. తొలుత దానిని చేపట్టిన ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. అందరు వైద్యులూ పాటించగల ఒకే చికిత్సాక్రమం, తెగిపోని మందుల సరఫరా, ఒకసారి వస్తే నెలకు సరిపడా మాత్రలు, రాక తప్పినవారి జాబితా చూసి ఫోను చేసి పిలవడం, ఇవి దాని పద్ధతులు. ఇందులో ఫోను చివరిది. మందు ముందున్నది. అందుకనే ఆ ఫోనుకు విలువ వచ్చింది. క్షయరోగులకు 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు పోషకాహారానికి ఇస్తున్నదీ ఈ దృష్టితోనే.

మన ప్రాంతంలో 104 వాహనం తెలియనివారుండరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలోనే, ఆసుపత్రికి దూరంగా ఉన్న ఊళ్ళకు నెలకొకసారి, ముందుగా నిర్ణయించిన తేదీన ఆ వాహనం వచ్చి బీపీ, షుగరు మందులు ఇచ్చేది. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లాలోని లింగంగుంట్లలో ఆరంభించిన ఫ్యామిలీ డాక్టర్ పథకంలో, ఆ వాహనంతోపాటు వైద్యుడే నెలకు రెండుసార్లు గ్రామానికి వచ్చే ఏర్పాటు చేశారు. పథకాల పేర్లు మారవచ్చును. వాటి వెనుకనున్న సూత్రం మారదు. సంత ఫలానా వారమని ఊరందరికీ తెలిసినట్లే, మందుల బండి ఫలానా తేదీ అని తెలిస్తే, ఆ తేదీయే ఒక హెచ్చరిక. తేదీ తప్పిననాడు మాత్రం, ఆ బండితోపాటు జనం నమ్మకం కూడా వెనుకకు మళ్ళుతుంది.

ప్రభుత్వం చేయవలసినది అది. ఇంటివారు చేయగలిగినది కూడా కొంత ఉన్నది. అందులో డబ్బు ఖర్చయ్యే పని ఒక్కటీ లేదు.

మొదటిది, మాత్రను ఏదో ఒక రోజువారీ అలవాటుకు ముడివేయడం. "రోజూ వేసుకుంటాను" అనే నిశ్చయం గాలిలో ఉంటుంది. "ప్రాంతీయ వార్తలు మొదలుకాగానే వేసుకుంటాను" అనే నిశ్చయానికి వేళ ఉన్నది, చోటున్నది, చప్పుడున్నది. పని ఎప్పుడు, ఎక్కడ చేస్తామో ముందుగా నిర్ణయించుకున్నవారు దానిని నెరవేర్చడం ఎక్కువని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపినవి. మా ఆకాశవాణి ఎన్నో సేవలు చేస్తున్నదని చెప్పుకుంటాము. రేడియో పెట్టె పక్కన మాత్రల డబ్బా ఉంచుకుంటే, నెలకు ముప్పై రోజులూ తప్పని ఈ సేవ కూడా అందులో చేరుతుంది. వైద్యుడు అన్నానికి ముందు అన్నాడో, తరువాత అన్నాడో దానిని బట్టి కార్యక్రమాన్ని ఎంచుకోవలెను.

రెండవది, వారం మాత్రలను ఒక్కసారే సర్దిపెట్టడం. మన వంటింటి పోపులపెట్టెను చూడండి. ఆవాలు, జీలకర్ర, మెంతులు దేని గిన్నెలో అది ఉంటవి. ఏది నిండుకున్నదో మూత తీయగానే కంటికి తెలుస్తుంది. అటువంటి గదుల పెట్టెలో ఆదివారం మొదలు శనివారం దాకా మాత్రలు విడివిడిగా వేసిపెడితే, "ఇవాళ వేసుకున్నానా, లేదా?" అనే సందేహానికి తావుండదు. సందేహంతో రెండుసార్లు వేసుకునే ప్రమాదమూ తప్పుతుంది. అది పసిపిల్లల చేతికి అందకుండా ఉంచడం మాత్రం మరువరాదు.

మూడవది, గోడ క్యాలెండరు. పాలవాడు వచ్చిననాడు తేదీమీద గీత గీసే అలవాటు మన ఇల్లాండ్రకు ఉండనే ఉన్నది. ఆ గీత పక్కనే మందుకు మరొక చుక్క. పాలలెక్క తప్పని ఇంట్లో మందులెక్క ఎందుకు తప్పాలి? నెలాఖరున ఆ కాగితాన్ని చించి వైద్యునికి చూపితే, దాచిపెట్టడానికీ, ఊహించడానికీ అవకాశం లేకుండా నిజం ఆయన ముందుంటుంది.

నాలుగవది, పనులరోజులకు ముందుచూపు. మిరపకోతకు బస్తాలు, పట్టాలు ముందుగా సమకూర్చుకునే రైతు, ఆ రోజుల మాత్రలను కూడా ముందే తెచ్చుకోవలెను. క్యారేజీ మూతకు కట్టిన చిన్న పొట్లంలో నాలుగు మాత్రలుంటే, కల్లం దగ్గర రాత్రి గడిచినా మందు తప్పదు. ఇన్సులిన్ వాడేవారు మాత్రం ఎండకు దానిని ఎట్లా కాపాడుకోవాలో వైద్యుని అడిగి తెలుసుకోవలెను.

ఐదవది అన్నిటికంటె ముఖ్యమైనది, అడిగే మనిషి. అడిగే తీరు కూడా. "మళ్ళీ మరచిపోయావా?" అన్న ప్రశ్నలో నేరారోపణ ఉన్నది. "అత్తా, మంచినీళ్ళు తెచ్చాను, బిళ్ళ వేసుకో" అన్న మాటలో సహాయమున్నది. మొదటిదానికి అబద్ధం సమాధానమవుతుంది. రెండవదానికి చేయి చాచడమే సమాధానం. ఇంట్లో బడికి పోయే పిల్లవానికి ఈ పని అప్పగించండి. తాతకు మందు ఇచ్చే అధికారం తనకు దక్కినదని వాడు గర్విస్తాడు. మనవడి చేతి మాత్రను కాదనడం తాతకు సాధ్యం కాదు. ఒంటరిగా ఉండేవారికి ఇరుగుపొరుగు వారే ఆ మనిషి కావలెను.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పి ముగిస్తాను. మోచేతితో మెల్లగా తాకడం వేరు, మెడపట్టి నెట్టడం వేరు. రోగి తన శరీరానికి తానే యజమాని. మందు వేసుకున్నప్పుడు కళ్ళు తిరుగుతున్నవనో, కడుపులో వికారమనో ఆయన చెబితే, అది సాకని కొట్టివేయక వైద్యుని చెవిన వేయవలెను. మందు మార్చవలసి ఉండవచ్చును. మందు తినలేదని నలుగురిలో నవ్వుల పాలు చేయడం, పెన్షను ఆపుతామని బెదిరించడం మోచేతి హెచ్చరికలు కావు. అవి భయాన్ని పుట్టిస్తవి. భయం మొదట పుట్టించేది అబద్ధాన్నే. అట్లాగే, బాగున్నది గదా అని మందు మానడం గాని, పొరుగువారి మాత్ర మంచిదట అని మార్చడం గాని ఇంట్లో ఎవరూ చేయరాదు. బాగుండడం మందు వల్లనే కావచ్చు గదా!

దీర్ఘవ్యాధిని జయించడం ఒక్కనాటి యుద్ధం కాదు. అది రోజూ తలుపు గడియ పెట్టుకోవడం వంటిది. గడియ పెట్టిననాడు ఏమీ జరగదు, ఎవరూ మెచ్చుకోరు. ఏమీ జరగకపోవడమే దాని ఫలితం. పత్తి చేలో వంగి పనిచేస్తున్న తల్లి పది సంవత్సరాల తరువాత కూడా తన కాళ్ళమీద తాను నడచి ఇంటికి రావడంలో, సున్నపు బట్టీలో పనిచేసిన తండ్రి తన చేత్తో తాను అన్నం కలుపుకోవడంలో, వార్తలవేళకు వేసుకున్న ఆ చిన్న మాత్రకు, దానిని అందించిన చేతికి, దానిని ఊరికి తెచ్చిన బండికి వాటా ఉన్నది. ఆ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా తక్కిన రెండూ చాలవు.